కంటెయినర్‌లో పారావ్యూ తెరుచుకుంటోంది, కానీ గ్రాఫిక్స్ కార్డ్ వాడుకోవట్లేదు

ఉబుంటు 22.04, ఎక్స్‌ఆర్గ్ (తెర మీద విండోలు చూపే వ్యవస్థ) సెషన్, ఎన్‌విడియా కార్డ్ ఉన్న డెస్క్‌టాప్. ఓపెన్‌ఫోమ్ (ద్రవాలు, వాయువుల ప్రవాహాన్ని లెక్కించే సాఫ్ట్‌వేర్) ఫలితాలు చూడటానికి డాకర్ కంటెయినర్‌లో, అంటే మిగతా సిస్టమ్ నుంచి విడిగా, పారావ్యూ అనే 3డీ బొమ్మలు చూపే ప్రోగ్రామ్ నడుపుతున్నాను. మొదట్లో డిస్‌ప్లే అసలు తెరుచుకోలేదు. డిస్‌ప్లే వేరియబుల్ పంపి, టెంప్‌లోని ఎక్స్11 సాకెట్ ఫోల్డర్ మౌంట్ చేసి, ఎక్స్‌హోస్ట్‌తో లోకల్ అనుమతి ఇచ్చాక విండో వచ్చింది. మెనూలు బాగానే పనిచేస్తున్నాయి.

చిక్కంతా 3డీ దగ్గరే. పెద్ద మెష్ (చిన్న గళ్లుగా విడగొట్టిన 3డీ ఆకారం) తెరిచి మౌస్‌తో తిప్పితే ఒక్కో కదలికకు రెండు మూడు సెకన్లు ఆగిపోతోంది. అదే ఫైల్ కంటెయినర్ బయట హాయిగా తిరుగుతోంది, కాబట్టి డ్రైవర్ పాడైందని అనుకోను.

కంటెయినర్‌కు కార్డ్‌ని అందించే ఎన్‌విడియా కంటెయినర్ టూల్‌కిట్ వేశాను, జీపీయూస్ ఆల్ ఆప్షన్ ఇస్తున్నాను. లోపల ఎన్‌విడియా ఎస్‌ఎమ్‌ఐ కమాండ్ కార్డ్‌ని సరిగ్గా చూపిస్తోంది. అయినా 3డీ బొమ్మలు గీసే ఓపెన్‌జీఎల్ వివరాలు చూపే జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో కమాండ్‌లో రెండరర్ ఎల్‌ఎల్‌వీఎమ్‌పైప్ అనే వస్తోంది, అంటే బొమ్మంతా సీపీయూ మీదే గీస్తోంది. షేర్డ్ మెమరీ పెంచినా, ప్రివిలేజ్డ్ మోడ్‌లో (కంటెయినర్‌కు సిస్టమ్ మీద దాదాపు పూర్తి అధికారం ఇచ్చేది) నడిపినా తేడా లేదు. సెక్యూరిటీ దృష్ట్యా ఆ మోడ్ నాకు ఇష్టం కూడా లేదు.

కార్డ్ కంటెయినర్‌కు కనిపిస్తున్నా ఓపెన్‌జీఎల్ దాన్ని వాడుకోవాలంటే, రన్ కమాండ్‌లో గానీ ఇమేజ్‌లో గానీ ఇంకా ఏం సెట్ చేయాలి?