సెక్రటేరియట్ గొప్పతనం రక్తానిదా, పెంపకానిదా?

గుర్రాలపిచ్చి: 1973లో అమెరికాలోని బెల్మాంట్ స్టేక్స్ రేసులో మైలున్నర దూరాన్ని 2 నిమిషాల 24 సెకన్లలో పరిగెత్తి, 31 లెంగ్తుల (ఒక లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో గెలిచిన గుర్రం సెక్రటేరియట్. ఇదంతా తండ్రి బోల్డ్ రూలర్ రక్తం మహిమేనని మా గ్రూపులో అందరూ తేల్చేశారు. నేను ఒప్పుకోను. తల్లి సంథింగ్‌రాయల్ పరిగెత్తింది ఒక్కటే రేసు, అదీ ఓడింది. సెక్రటేరియట్‌ను ఈనేనాటికి ఆ తల్లికి 18 ఏళ్లు. ఇంకో సంగతి. బోల్డ్ రూలర్ ఫిప్స్ కుటుంబానిది. దాంతో జత కట్టించినందుకు ఫీజు బదులు, పుట్టిన పిల్లల్ని పంచుకోవాలని సంథింగ్‌రాయల్ యజమానులైన చెనరీ కుటుంబంతో వాళ్లకు ఒప్పందం. ఎవరు ముందు ఏరుకోవాలో తేల్చడానికి 1969లో బొమ్మాబొరుసు వేశారు. గెలిచిన ఫిప్స్, సంథింగ్‌రాయల్‌కు ఆ ఏడాది పుట్టిన ఆడపిల్లను ఎంచుకున్నాడు. పేరు ది బ్రైడ్. ఓడిన పెన్నీ చెనరీకి అప్పటికింకా పుట్టని పిల్ల దక్కింది. 1970 మార్చి 30న వర్జీనియాలోని మెడో ఫారంలో పుట్టిన ఆ పిల్లే సెక్రటేరియట్. అదే తల్లి, అదే తండ్రి, కానీ ది బ్రైడ్ ఒక్క రేసూ గెలవలేదు. మరి రక్తం ఏమైనట్టు?

మలక్‌పేట్ పంటర్: ఒక్క అక్కను పట్టుకుని వంశం మొత్తాన్ని కొట్టేస్తే ఎలా బ్రదర్? ఇంకో సొంత అక్క సిరియన్ సీ పెద్ద రేసే గెలిచింది. సంథింగ్‌రాయల్ ఇంకో కొడుకు సర్ గేలార్డ్ కూడా మంచి గుర్రం. బోల్డ్ రూలర్ పిల్లలకు వేగం ఉంటుంది, దూరం లాగలేవు అని అప్పట్లో అందరికీ అనుమానం. ఆ లోటు తీర్చింది తల్లికి తండ్రైన ప్రిన్స్‌క్విల్లో. దమ్ము అక్కడిది. సెక్రటేరియట్ 1989లో చనిపోయాక పరీక్ష చేసిన డాక్టర్, దాని గుండె 22 పౌండ్లు ఉంటుందన్నాడు. మామూలు రేసు గుర్రానికి అందులో సగం కూడా ఉండదు. అంత గుండె దాణా పెడితే వస్తుందా?

గుర్రాలపిచ్చి: ఆ గుండెను తూచలేదండి, అంచనా వేశారంతే. పైగా మొదట్లో ఇది లావుగా, బద్ధకంగా ఉండేది. 1972 జూలై 4న న్యూయార్క్‌లోని అక్విడక్ట్ రేస్‌కోర్సులో తొలి రేసు. గేటు తెరిచీ తెరవగానే పక్క గుర్రం గుద్దింది, నాలుగో స్థానం. ట్రైనర్ లూసియన్ లారిన్, దాన్ని చూసుకున్న ఎడ్డీ స్వెట్ లేకపోతే ఆ రక్తం ఎవరికి తెలిసేది?

కడప కుర్రోడు: అన్నా, మీ వాదనకు అడ్డం రివా రిడ్జ్ అనే గుర్రం. అదే మెడో ఫారం, అదే లారిన్, అదే స్వెట్, అదే జాకీ రాన్ టర్కాట్. 1972లో కెంటకీ డర్బీ, బెల్మాంట్ గెలిచింది, చిన్న గుర్రమేం కాదు. కానీ సెక్రటేరియట్‌తో పోల్చగలమా? పెంపకం ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడిదో మీరే చెప్పాలి.

మలక్‌పేట్ పంటర్: అలా అడుగు తమ్ముడూ. 1973 ఫిబ్రవరిలో, ట్రిపుల్ క్రౌన్ (కెంటకీ డర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్ అనే మూడు రేసులు) ఇంకా మొదలు కాకముందే, సెక్రటేరియట్ 32 వాటాలకు 60.8 లక్షల డాలర్లు పెట్టారు. రేసులకు కాదు, దాని సంతానం కోసం.

గుర్రాలపిచ్చి: పెట్టారు సరే, ఇంకో సెక్రటేరియట్ వచ్చిందా? కొడుకుల్లో రైజెన్ స్టార్ 1988లో ప్రీక్‌నెస్, బెల్మాంట్ గెలిచింది, దాని తర్వాత చెప్పుకోదగ్గ కొడుకును చూపించండి.

మలక్‌పేట్ పంటర్: కొడుకుల్నే ఎందుకు చూస్తారు? పేరున్న గుర్రాలు ఏపీ ఇండీ, స్టార్మ్ క్యాట్ రెండూ సెక్రటేరియట్ కూతుళ్లకు పుట్టినవే.