నిటారుగా ఉన్న గీతే వేగం ఎక్కువా? పాప గ్రాఫ్ తిరగబడింది

లెక్కలంటే_భయం:
మా పాప ఏడో తరగతి. మొదటి కుళాయి 3 నిమిషాల్లో 12 లీటర్లు, రెండోది 5 నిమిషాల్లో 15 లీటర్లు నింపుతాయట. భాగిస్తే 4, 3 వచ్చాయి, అంటే మొదటిదే వేగం. కానీ గ్రాఫులు గీస్తే రెండో కుళాయి గీతే నిటారుగా ఉంది, నిటారుగా ఉన్నదే వేగం అన్నారు కదా, మరి నా భాగహారం తప్పా అని ఒకటే గొడవ. చుక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి, రెండుసార్లు చూశాను.

గళ్ళకాగితం:
వేరువేరు గ్రాఫులా? నిలువు అక్షం స్కేలు చూడండి ముందు.

లెక్కలంటే_భయం:
వేరువేరేనండీ. మొదటి దాంట్లో గడికి 4 లీటర్లు, రెండో దాంట్లో గడికి 1... ఓహ్.

గళ్ళకాగితం:
అదే మరి. మొదటి గీత నిమిషానికి ఒక్క గడి ఎక్కుతోంది, రెండోది మూడు. కంటికి కనిపించేది గళ్ళే, లీటర్లు కాదు. రెండూ ఒకే కాగితం మీద, ఒకే స్కేలుతో గీయించి, 1 నిమిషం దగ్గర వేలు పెట్టి పైకి జరపమనండి. 3 దగ్గర ఒక గీత, 4 దగ్గర ఇంకోటి తగులుతాయి, తను భాగించి తెచ్చిన అంకెలే.

సున్నా_దగ్గర:
అక్షాలు తారుమారైనా ఇదే గోల. నిమిషాలు నిలువుగా వేస్తే నిటారు గీత నెమ్మది కుళాయిది అవుతుంది, అందుకే నాకు ఆ బట్టీ సూత్రం నచ్చదు.
ఇది కుదిరాక, రెండో తొట్టిలో ముందే 6 లీటర్లు ఉన్నాయనుకోమనండి. గీత సున్నా నుంచి కాకుండా 6 నుంచి మొదలవుతుంది, 5 నిమిషాలకు 21 లీటర్లు. 21ని 5తో భాగిస్తే 4.2, నెమ్మది కుళాయే వేగంగా కనిపిస్తుంది! ఇక్కడ తేడాలు పట్టుకోవాలి: 2 నిమిషాలకు 12, 5కు 21, అంటే 3 నిమిషాల్లో 9 లీటర్లు. వేగం అదే 3.

లెక్కలంటే_భయం:
గీసింది. రెండు గీతలూ 6 నిమిషాల దగ్గర, 24 లీటర్ల మీద కలిశాయి, ఆ తర్వాత మొదటిదే పైన. ఇప్పుడేమో కుళాయి కట్టేసి తొట్టి అడుగున చిల్లు పెడితే గీత కిందికి దిగుతుందా అంటోంది. దిగుతుందన్నాను, సరేనా?

గళ్ళకాగితం:
దిగుతుంది, కానీ తిన్నగా కాదు. నీటి మట్టం తగ్గేకొద్దీ ధార కూడా సన్నబడుతుంది కాబట్టి గీత వంగుతుంది. పాపకు ఇది చెప్పకండి, ఒక బకెట్, గడియారం ఇచ్చి చుక్కలు పెట్టమనండి.