పోలీసులకు సీపీఎస్ నుంచి మినహాయింపు ఇస్తూ వేరే చట్టం చేయాలా?

గుంటూరు కోడలు:
మా ఆయన కానిస్టేబుల్, 2009లో చేరారు. అంటే సీపీఎస్సే (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్). జీతంలోంచి కోసి పోగేసిన సొమ్ము మీదే పింఛను. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్ళందరినీ జీవో 653తో అందులో వేసేశారు కదా. కేంద్రం ఇలాంటిదే ఎన్‌పీఎస్ (నేషనల్ పెన్షన్ సిస్టమ్) తెచ్చినప్పుడు సైన్యాన్ని మినహాయించింది. పోలీసుల ఊసెత్తలేదు. పుష్కరాలు, ఎన్నికలు, నిమజ్జనం, మంత్రిగారి పర్యటన, ఏదైనా బందోబస్తు అంటే గంటల తరబడి నిలబడటమే. ఆ కాళ్ళతోనే 62 ఏళ్ళ దాకా నిలబడమని ఆంధ్రలో 2022లో చట్టం సవరించారు. తెలంగాణలో 2021 నుంచి 61. ఫ్యాను కింద కూర్చునేవాళ్ళకి అది వరం కావచ్చు. ఎస్సై స్థాయి దాకా, ఆఖరి జీతాన్ని బట్టి ఖజానా ఇచ్చే పాత పింఛను తిరిగి ఇస్తూ అసెంబ్లీ ఒక చట్టం చేయాలని నా వాదన. కాదనేవాళ్ళు ఎందుకు కాదో చెప్పండి.

రిటైర్డ్ ఎస్టీఓ:
అమ్మా, సబ్ ట్రెజరీ ఆఫీసర్‌గా నా సర్వీసంతా పింఛను కాగితాల మధ్యే గడిచింది కాబట్టి చెప్తున్నా. పాత పింఛను గురించి మీరు వింటున్నంత గొప్పగా అది ఉండేది కాదు. 1980 నాటి పింఛను రూల్స్‌లో 20 ఏళ్ళకు స్వచ్ఛందంగా వెళ్ళిపోవచ్చు, నిజమే. కానీ ఆఖరి జీతంలో సగం రావాలంటే 33 ఏళ్ళ సర్వీసు ఉండాలి. బేసిక్ 60,000 అనుకుంటే 33 ఏళ్ళకు 30,000. 20 ఏళ్ళకే వెళ్తే అదనంగా ఇచ్చే అయిదేళ్ళ వెయిటేజీ కలిపి 25 ఏళ్ళు లెక్క, వచ్చేది 22,727. ఇంకో మాట. యూనిఫాం చూసి పింఛను ఇద్దామంటే రేపు ఫైరు, జైళ్ళు, ఎక్సైజు, అటవీ శాఖలు వరసలో నిలబడతాయి. స్తంభం ఎక్కే లైన్‌మన్ చేసిన పాపమేమిటి?

నైట్ బీట్:
సార్, లైన్‌మన్‌కీ ఇవ్వమనండి, మాకేం అభ్యంతరం? నేను సీపీఎస్ కానిస్టేబుల్నే. బేసిక్, డీఏ కలిపి నెలనెలా 10 శాతం కోస్తున్నారు. అది కాదు నా బాధ. మోకాళ్ళు అరిగి యాభైకే వెళ్ళిపోదామనుకుంటే పోగైన సొమ్ములో 80 శాతంతో యాన్యుటీ, అంటే నెలనెలా పింఛను ఇచ్చే బీమా ప్లాన్, కొనాలట. చేతికొచ్చేది 20 శాతమే. అదే వయసు నిండి రిటైరైతే 60 శాతం చేతికిస్తారు. ముందుగా వెళ్ళేవాడికి ఇది జరిమానా కాక మరేమిటి? మా డ్యూటీల్లో ముందుగా వెళ్ళాల్సి వచ్చేవాళ్ళే ఎక్కువ.

గుంటూరు కోడలు:
ఆంధ్రలో 2023 జీపీఎస్ (గ్యారంటీడ్ పెన్షన్ సిస్టమ్) చట్టం ఆఖరి బేసిక్‌లో సగానికి హామీ అంది. కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి యూపీఎస్ (యూనిఫైడ్ పెన్షన్ స్కీమ్) తెచ్చింది. వాటితో ఏమైనా నయమా?

నైట్ బీట్:
యూపీఎస్ సంగతి వినండి అక్కా. 25 ఏళ్ళు చేసి స్వచ్ఛందంగా వెళ్ళిపోవచ్చు. కానీ పింఛను మొదలయ్యేది మామూలుగా రిటైర్ కావాల్సిన తేదీ నుంచే! 22కి చేరినవాడు 47కి బయటికొస్తే అప్పటిదాకా ఏం తిని బతకాలి? సెక్యూరిటీ గార్డు ఉద్యోగమే గతి.

ఆల్బనీ శ్రీను:
నేనుండే న్యూయార్క్ రాష్ట్రంలో స్థానిక పోలీసులకు 384-డి అనే సెక్షన్ ఉంది. 20 ఏళ్ళు చేస్తే వయసుతో పనిలేకుండా ఆఖరి ఏళ్ళ సగటు జీతంలో సగం పింఛను. అయితే ఇది అందరికీ దానంతటదే రాదు. ఆ పట్టణం ఈ ప్లాన్‌ను ఎంచుకోవాలి, అధికారి అర్హుడై ఉండాలి, గడువులోగా కాగితం పెట్టాలి. ఎవరైనా గడువు దాటితే, ఫలానా పట్టణంలోని ఫలానా పోలీసుకు అవకాశం ఇవ్వాలంటూ ఒక్కరి కోసమే శాసనసభలో బిల్లు పెడతారు! మొదట విని నవ్వాను. కానీ ఆ బిల్లుతోపాటు ఖర్చెంత, భరించేదెవరు అనే లెక్క తప్పనిసరిగా ఉంటుంది. మన దగ్గర పింఛను హామీలకు అలాంటి లెక్క జతచేయడం ఎప్పుడైనా చూశామా?

రిటైర్డ్ ఎస్టీఓ:
శ్రీను గారూ, లెక్క సంగతి బాగుంది. మిగతాది మనకు కుదరదు. అక్కడ డబ్బు కట్టేది ఆ పట్టణం. ఇక్కడ పోలీసులంతా రాష్ట్ర ఉద్యోగులు, రాష్ట్ర పింఛన్లు రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 42వ అంశం. అసెంబ్లీ చట్టం చేయొచ్చు, భారమూ మొత్తం ఖజానాదే. 22కి చేరినవాడికి 20 ఏళ్ళు చేసి 42 ఏళ్ళకే పింఛను మొదలైతే ఇంకో 40 ఏళ్ళు ఇవ్వాలి. కుటుంబ పింఛను దానికి అదనం.

రాత్రి గస్తీ:
మీరంతా పింఛను ఏ లెక్కన అని కొట్టుకుంటున్నారు. మేం హోంగార్డులం, మాకు లెక్కే లేదు. 2015లో సుప్రీంకోర్టు మమ్మల్ని పర్మనెంట్ చేయమనలేదు గానీ పోలీసు కనీస జీతానికి సరిపడా డ్యూటీ అలవెన్సు ఇవ్వమంది. తెలంగాణలో 2025 నుంచి రోజుకు 1000. ఇంటికెళ్ళిపోయే రోజున ఏమిస్తారు? దండ, శాలువా. ఆ చట్టమేదో చేసేటప్పుడు అర్హుల పట్టికలో మమ్మల్నీ ఒక లైను రాయండి.

నైట్ బీట్:
అన్నా, కూడలిలో మా పక్కనే నిలబడేది మీరే. మీ పేరు లేకుండా అర్హత రాస్తే అది మోసమే.

కోర్టు డ్యూటీ:
సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి కేంద్ర బలగాలు కూడా సాయుధ దళాలే, పాత పింఛను ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టు 2023 జనవరిలో అంది. కేంద్రం సుప్రీంకోర్టుకెళ్ళి స్టే తెచ్చుకుంది. వాళ్ళకే తేలలేదు, సివిల్ పోలీసులు ‘మేమూ సైన్యంలాంటివాళ్ళమే’ అంటే కోర్టులో నిలవదు. అడగాల్సింది వయసు గురించి. రిటైర్మెంట్ వయసును నిర్ణయించేది 1984 చట్టం. దానిలోనే పోలీసులకు ఒక క్లాజు చేర్చి, ఫీల్డులో 25 ఏళ్ళు చేసినవాడికి వెళ్ళే హక్కు, వెళ్ళిన నెల నుంచే పింఛను ఇమ్మనండి. మళ్ళీ పాత పింఛను అన్నారంటే చర్చ రాజకీయాల్లో ఇరుక్కుంటుంది, దాన్ని తిరిగి తెచ్చిన రాజస్థాన్, హిమాచల్ ఉదాహరణలతోనే పొద్దు గడిచిపోతుంది.

గుంటూరు కోడలు:
నాకు ఇదే నచ్చింది. పాత పింఛను పేరు వదిలేస్తా. 25 ఏళ్ళకు వెళ్ళే హక్కు, ఆ నెల నుంచే పింఛను. ఎస్టీఓ గారూ, దీనికైనా ఒప్పుకుంటారా?

రిటైర్డ్ ఎస్టీఓ:
సగం. ‘ఫీల్డు’ అంటే ఏమిటో ముందు రాయండి. సర్వీసులో సగం స్టేషన్ రికార్డులు రాసే రైటర్‌గానో, ఎస్పీ ఆఫీసులోనో గడిపినవాడిని ఎటు వేస్తారు? డ్యూటీకి పంపేటప్పుడు ఇచ్చే పాస్‌పోర్టు కాగితాలు, స్టేషన్ జనరల్ డైరీ ఎంట్రీలు చూసి 25 ఏళ్ళ లెక్క తేల్చే గుమాస్తా ఎవరు? అక్కడ తేడా వస్తే ప్రతి కేసూ హైకోర్టు ఎక్కుతుంది.

నైట్ బీట్:
రైటర్‌కి రాత్రి డ్యూటీ ఉండదని ఎవరు చెప్పారు సార్ మీకు?