ఫోన్ హాట్‌స్పాట్ మీద పదకొండు కంప్యూటర్లు: చిన్న లినక్స్‌లకు అప్‌డేట్లు ఎట్ల వస్తయి, మీరెట్ల చేస్కుంటున్నరు?

దేవరకొండ_ల్యాబ్:
అందరికి నమస్తే. దేవరకొండల చిన్న కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్ నడుపుతున్న. పదకొండు డెస్క్‌టాప్‌లు, అన్నీ సెకండ్ హ్యాండ్, నాలుగు జీబీ ర్యామ్. అన్నిట్ల ఎంఎక్స్ లినక్స్ 23 ఎక్కించిన, విండోస్ బదులు ఉత్తగ దొరికే సిస్టమ్, ఒక చిన్న టీం చేసేది. లిబ్రెఆఫీస్‌ల పిల్లలు టైపింగు, లెక్కల షీట్లు మంచిగ నేర్చుకుంటున్నరు. కష్టమంత అప్‌డేట్ల కాడనే. వైర్ నెట్ లేదు, నా ఫోన్ హాట్‌స్పాటే. రోజుకు జీబీన్నర. మొన్న రెండు నెలల తర్వాత చూస్తే ఒక్కోదానికి 480 ఎంబీ అడిగింది. మూడు కంప్యూటర్లకే ఆ రోజు డేటా ఖతం. నాలుగోది సగంల ఆగింది.

ఇంత చిన్న టీం, జీతాలు లేని మనుషులు, వాళ్ల కాడ్నుంచి మన దాకా ఈ అప్‌డేట్లు ఎట్ల వస్తున్నయో అసలు సంగతి సుత తెలుసుకోవాలని ఉన్నది. మీ అనుభవాలు చెప్పండి.

పాలమూరు_టెర్మినల్:
అన్నా, ముందుగాల ఒకటి. ఎంఎక్స్ టీం అన్నీ సొంతంగ తయారు చేయదు. కింద పునాదిగ ఉన్నది డెబియన్ 12 అనే పెద్ద లినక్స్. ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్ మూటలు) ఏ గోదాంల నుంచి, అంటే ఏ సర్వర్ల నుంచి తేవాల్నో చెప్పే జాబితా మీ కంప్యూటర్‌ల ఉంటది, తెరిచి చూస్తే మూడు తీర్ల లైన్లుంటయి: డెబియన్ అసలు గోదాం, డెబియన్ సెక్యూరిటీ గోదాం, ఎంఎక్స్ వాళ్ల సొంత గోదాం. ఎంఎక్స్ దాంట్ల వాళ్ల టూల్సు, కొన్ని కొత్త వెర్షన్లు మాత్రమే ఉంటయి. ఇవి గాక టెస్ట్ రిపో అని ఇంకో గోదాం ఉన్నది, కొత్త ప్యాకేజీ ముందు దాంట్లకు వస్తది. తెలిసి తెరిస్తే తప్ప మనకు రాదు, ల్యాబ్‌ల దాన్ని తెరవకండి.

డెబియన్ స్టేబుల్ అంటే బాగ పరీక్షించి విడిచిన రకం, దాంట్ల వెర్షన్లు మారయి, రంధ్రాలు పూడ్చుడే ఉంటది. సెక్యూరిటీ సవరణలు ఎప్పటికప్పుడు వస్తయి, మిగతా సవరణలన్నీ దాదాపు రెండు నెలలకోసారి మూటగట్టి పంపుతరు. మీకు 480 ఎంబీ ఒక్కసారే కనపడ్డది అందుకే కావచ్చు.

ఇగ రెండో సంగతి. అప్‌డేట్ నొక్కంగనే ప్యాకేజీలు రావు. ముందు పట్టీ వస్తది. ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ల ఉన్నది, సైజెంత, దాని చెక్‌సమ్ (ఫైలు మారలేదని తేల్చే నంబర్) ఎంత, అన్నీ దాంట్ల ఉంటయి. ఆ పట్టీ మీద డిజిటల్ సంతకం ఉంటది. సంతకం సరిచూసే తాళంచెవి ఇన్‌స్టాల్ చేసిననాడే మీ మెషిన్‌ల పడ్డది. మధ్యల మిర్రర్ సర్వర్ (గోదాం నకలు పెట్టిన సర్వర్) ఎవరిదైనా కానియ్యి, ఒక్క అక్షరం మార్చినా ఆప్ట్, అంటే ప్యాకేజీలు దించి ఎక్కించే పనిముట్టు, పట్టుకుంటది. ఎవరో యూనివర్సిటీ వాళ్లు, నెట్ కంపెనీల వాళ్లు ఉత్తగనే ఇచ్చిన మిర్రర్ల మీద చిన్న డిస్ట్రోలు (లినక్స్ రకాలు) నడుస్తున్నయంటే ఈ సంతకం మీద నమ్మకమే.

మిర్యాలగూడ_మిల్లు:
సగంల ఆగిందన్నరు గదా, దాని గురించి. డౌన్‌లోడ్ సగంల ఆగితే ఏం కాదు, మళ్ల నొక్కితే ఆగిన కాడ్నుంచి అందుకుంటది. ఎక్కించేటప్పుడు ఆగుతనే కష్టం. నేను రైస్ మిల్లుల లెక్కలు చూస్త. వానాకాలం వడ్లు దిగుతున్న రోజుల్ల, కాంటా కాడ లారీలు నిలవడి ఉన్నయి, నేను అప్‌డేట్ పెట్టిన. ప్యాకేజీలు ఎక్కుతుంటె కరెంటు పోయింది. మళ్ల ఆన్ చేస్తే నల్ల తెర మీద లాగిన్ అడుగుతున్నది, డెస్క్‌టాప్ రాలే. చేతులు వణికినయి, ఆ రోజు తూకాలన్నీ దాంట్లనే ఉన్నయి.

అక్కడనే లాగినై, రూట్‌గ (అన్ని హక్కులున్న యూజర్‌గ) మారి, ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీకి 'కాన్ఫిగర్ ఆల్' అన్న ఆదేశమిచ్చిన. సగం ఎక్కినవాటిని ఒక్కొక్కటి పూర్తి చేసుకుంట పోయింది. తర్వాత ఆప్ట్‌కు 'ఫిక్స్ బ్రోకెన్'. ఇరవై నిమిషాలల్ల డెస్క్‌టాప్ వచ్చింది, ఒక్క ఫైలు పోలే. అప్పటికెల్లి యూపీఎస్ ల్యాంప్ పచ్చగ ఉంటనే అప్‌డేట్. కోతల సీజన్ల అసలే ముట్ట, సీజన్‌కు ముందర వారం ఒకసారి, అయిపోయినంక ఒకసారి.

జడ్చర్ల_నెట్‌సెంటర్:
నేను అప్‌డేట్లే బంద్ పెట్టిన. పని నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలియ్యాలె? మూడేండ్లాయె, ఏ తిప్పల లేదు.

పాలమూరు_టెర్మినల్:
భయ్యా, మీది నెట్ సెంటర్. జనం వచ్చి మీ బ్రౌజర్‌ల బ్యాంకు పాస్‌వర్డు కొడతరు, స్కాలర్‌షిప్ ఫారాలల్ల ఆధార్ నంబర్లు నింపుతరు. మూడేండ్ల కిందటి బ్రౌజర్‌ల రంధ్రాలు లోకమందరికీ తెలిసినయే, వాటి వివరాలు బయట అచ్చైనయి. తిప్పల మీకు కనపడదు, ఆ పాస్‌వర్డు కొట్టినోళ్లకు కనపడతది. మీరు చెడ్డగ చేస్తున్నరని కాదు, దయచేసి బ్రౌజర్ ఒక్కటన్న ఈ రోజే చేయండి.

జడ్చర్ల_నెట్‌సెంటర్:
సరే అన్నా. ఈ లెక్కన ఆలోచించలే. రాత్రికి సెంటర్ మూసినంక పెడత.

అమ్రాబాద్_బడి:
మాది నల్లమల అంచు. సిగ్నల్ ఒక్క మూలకే వస్తది, అదీ మబ్బు లేనప్పుడు. నేను ఆప్ట్-ఆఫ్‌లైన్ అనే పనిముట్టు వాడుతున్న. బడిలున్న కంప్యూటర్ల అది ఒక చిన్న ఫైలు తయారు చేస్తది, ఏమేం కావాల్నో అండ్ల రాసుంటది. పెన్‌డ్రైవ్‌ల ఆ ఫైలు వేసుకొని శనివారం అచ్చంపేట పోత. మా తమ్ముని ఇంట్ల ఫైబర్ ఉన్నది. వాని ల్యాప్‌టాప్‌ల అదే పనిముట్టుకు ఆ ఫైలు ఇస్తే అన్నీ దించి ఒక మూట కడతది. సోమవారం బడికొచ్చి ఎక్కిస్త. ఒక్కటే జాగ్రత్త: ముందు పట్టీ ఒకసారి తెచ్చి ఎక్కియ్యాలె, తర్వాతనే ఏ ప్యాకేజీలు మారినయో తెలుస్తది. అంటే మొదటిసారి రెండు వారాలు పడతది. మాకున్నయి రెండు కంప్యూటర్లే కాబట్టి ఓపిక పట్టినం.

గద్వాల_డిజైన్:
చీరల బార్డర్ డిజైన్లు ఇంక్‌స్కేప్‌ల గీస్త. నా తప్పు నలుగురికి పనికొస్తదని రాస్తున్న. కొత్త వెర్షన్ కావాలని ఇంకో డిస్ట్రో గోదాం లైను నా జాబితాల కలిపిన. ఇంక్‌స్కేప్ కొత్తది వచ్చింది, సంబరపడ్డ. వారం తర్వాత మామూలు అప్‌డేట్ పెడితే నూట నలభై ప్యాకేజీలు తీసేస్త అన్నది. ఆ లైను చదవకుండ 'వై' కొట్టిన. ప్రింటర్ పోయింది, ఫైల్ మేనేజర్ పోయింది. ఇట్ల వేరే గోదాంలు కలగలుపుడును డెబియన్ వాళ్లు ఫ్రాంకెన్‌డెబియన్ అంటరంట, పేరు అప్పుడు తెలిసింది. టైమ్‌షిఫ్ట్ అనే పనిముట్టుల సిస్టమ్ పాత నకలు (స్నాప్‌షాట్) ఉండబట్టి గట్టెక్కిన. ఇప్పుడు ఇంక్‌స్కేప్ ఒక్కటి ఫ్లాట్‌పాక్ అనే విడిగ ఎక్కించే పద్ధతిల పెట్టుకున్న. మొదటిసారి డేటా బాగనే తింటది, అది నడవడానికి కావాల్సిన రన్‌టైం సుత దించాలె గదా, కానీ కింద సిస్టమ్ జోలికి పోదు.

'తీసివేయబడేవి' అన్న వరుస వస్తే ఆగి పేర్లు చదవండి. నా మాట వినండి.

సూర్యాపేట_రోలింగ్:
నేను వాయిడ్ లినక్స్ వాడుత. ఇది డెబియన్ మీద కట్టింది కాదు, 2008ల మొదలైన సొంత డిస్ట్రో, సొంత ప్యాకేజీ మేనేజర్ ఎక్స్‌బీపీఎస్. ప్రతి ప్యాకేజీకి దాన్నెట్ల కట్టాల్నో రాసున్న ఒక చిన్న టెంప్లేట్ ఫైలుంటది, అవన్నీ గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే సైటుల బహిరంగంగనే ఉన్నయి. ఎవరైనా వెర్షన్ నంబర్ మార్చి పంపొచ్చు. టీంల ఒకరు చూసి కలిపితే బిల్డ్ సర్వర్లు కట్టి, సంతకం చేసి గోదాంల పెడతయి. మధ్యల నెలల ఆగుడు లేదు, కొత్తది దినాం వస్తనే ఉంటది. అందుకే హాట్‌స్పాట్ ల్యాబ్‌కు ఇది వద్దంట.

నాకు నచ్చింది ఒకటి చెప్త. ఒక లైబ్రరీ (వేరే ప్యాకేజీలు వాడుకునే భాగం) మారి, దాని మీద ఆధారపడ్డ ఇంకో ప్యాకేజీ ఇంకా కట్టకపోతే ఎక్స్‌బీపీఎస్ మొత్తం అప్‌డేటే ఆపేస్తది, సగం సగం ఎక్కియ్యదు. ఒక పూట ఆగి మళ్ల పెడితే సరిపోతది. పాత కెర్నళ్లు (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) మాత్రం తనంతట తాను తియ్యదు. నా బూట్ పార్టిషన్ నిండిపోయి కొత్త కెర్నల్ ఎక్కలే. వీకే-పర్జ్ అని వాళ్లదే ఒక ఆదేశం ఉన్నది, దాంతో నడుస్తున్నదీ, దాని ముందటిదీ ఉంచి మిగతావి తీసిన.

దేవరకొండ_ల్యాబ్:
ఇన్ని సంగతులు తెలియవు నాకు. ఒక భయమున్నది. ఆ నలుగురైదుగురు మానేస్తే మన సంగతేంది?

సూర్యాపేట_రోలింగ్:
వాయిడ్‌లనే జరిగింది. వాయిడ్‌ను మొదలుపెట్టిన మనిషే 2018ల అందుబాటుల లేకుండ పోయిండు, గిట్‌హబ్‌ల వాయిడ్ ఖాతా తాళాలు ఆయన కాడనే ఉన్నయి. మిగిలినోళ్లు గిట్‌హబ్‌ల కొత్త ఖాతా తెరిచి అండ్లకు మారిన్రు, సైటు చిరునామా సుత కొత్తదైంది. సోలస్ అని ఇంకోటి ఉన్నది, ప్రతి శుక్రవారం వారం అప్‌డేట్లన్నీ ఒక్కసారే విడిచే పద్ధతి వాళ్లది. 2023 మొదట్ల నెలల తరబడి సర్వర్లు పడిపోయినయి, ఏప్రిల్‌ల కొత్త టీం కూడి మళ్ల నిలబెట్టింది. కాబట్టి డిస్ట్రో ఎంచుకునేటప్పుడు సర్వర్ తాళాలు ఎంత మంది చేతులున్నయో చూడాలె. మీ ఎంఎక్స్‌కు ఒక ధీమా ఉన్నది, వాళ్ల గోదాం ఆగినా కింద డెబియన్ సెక్యూరిటీ వస్తనే ఉంటది.

నల్గొండ_టెస్టర్:
నేను డిప్లొమా చదువుతున్న. మజియా డిస్ట్రోకు అప్‌డేట్లు టెస్ట్ చేసే వాలంటీర్లల్ల చేరిన. అక్కడ ఒక సవరణ తయారైతే నేరుగ మీ దాకా రాదు. 'అప్‌డేట్స్ టెస్టింగ్' అనే గోదాంల పెట్టి, బగ్‌జిల్లా అనే తప్పులు నమోదు చేసే సైటుల పేజీ తెరుస్తరు. మాలాంటోళ్లు దించి, ఎక్కించి, తెరుచుకుంటదా, చెడ్డదన్న పని ఇప్పుడు చక్కగ అయితదా చూసి 'ఓకే' రాస్తం. అప్పుడు వ్యాలిడేట్ చేసి అందరికి విడుస్తరు.

పోయిన నెల ప్రింటింగ్ ప్యాకేజీ ఒకటి వచ్చింది. మా ఇంట్ల పాత లేజర్ ప్రింటర్ ఉన్నది. ఇంగ్లిషు పేజీ మంచిగ వచ్చింది, తెలుగు పేజీ కొట్టిన. 'క్ష్మి'ల వత్తు తెగి పక్కకు పడ్డది. లక్ష్మి అన్న పేరు సగమే వచ్చింది. కాగితం ఫోటో తీసి, ఏ ఫాంటు, ఏ వెర్షన్ అన్నీ రాసి పెట్టిన. వేరే దేశంల కూసున్న ప్యాకేజర్ రెండు రోజులల్ల మళ్ల కట్టి, 'ఇప్పుడు చూడు' అన్నడు. చూసిన, వత్తు కింద సక్కగ కూసున్నది. ఆ టెస్టర్లల్ల తెలుగు చదివేది నేనొక్కన్నే అన్న, నేను కొట్టకపోతే ఆ పేజీ ఎవరూ కొట్టకపోదురు.

గద్వాల_డిజైన్:
తమ్మీ, మంచి పని చేస్తున్నవు. నేను సుత చేరొచ్చా? నాకు ప్రోగ్రామింగ్ రాదు.

నల్గొండ_టెస్టర్:
రావాల్సిన పనే లేదక్కా. మీరు దినాం వాడే ఇంక్‌స్కేప్‌ను వాడినట్టే వాడి, ఏమైందో రాస్తే చాలు. ఒక్కటే, పని చేసే మెషిన్‌ల టెస్టింగ్ గోదాం తెరవకండి, వేరే పాత మెషిన్ ఒకటి పెట్టుకోండి.

మిర్యాలగూడ_మిల్లు:
టెస్టింగ్‌కు ఆగుడు ఎందుకని కొందరు విసుక్కుంటరు. 2024 మార్చి 29 గుర్తున్నదా? ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లల్ల దొంగతలుపు బయటపడ్డది. దూరం నుంచి కంప్యూటర్‌ల చేరే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమైతున్నదని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి తీసిండు. డెబియన్‌ల ఇంకా పరీక్షల ఉండే టెస్టింగ్, అన్‌స్టేబుల్ రకాల దాకా వచ్చిందది. స్టేబుల్‌కు రాలే. మా మిల్లు కంప్యూటర్ స్టేబుల్ మీదనే ఉన్నది.

పాలమూరు_టెర్మినల్:
దేవరకొండ అన్నా, మీ అసలు ప్రశ్నకు వస్త. పదకొండు మెషిన్లు ఒక్క తీరువే కాబట్టి ఒక్కసారి దించితే చాలు. ఒకదాంట్ల ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ ఎక్కించండి, ఒకసారి దించిన ప్యాకేజీలను దాచి మిగతా మెషిన్లకు ఇస్తదది. దాని ఆప్ట్‌కు, మిగతావాటి ఆప్ట్‌కు సుత ప్రాక్సీగ (మధ్యవర్తిగ) దాని అడ్రసు, పోర్టు 3142 ఇయ్యండి. జాబితాల ఎచ్‌టీటీపీఎస్ లైన్లుంటే ఎచ్‌టీటీపీ చేయండి, లేకుంటే ప్యాకేజీలు దాచుకోదు. భయం వద్దు, పైన చెప్పిన సంతకం ఉన్నది గదా. హాట్‌స్పాట్‌కు ఆ ఒక్క మెషినే కలపండి. మిగతా పదింటికి నెట్టే అక్కర్లేదు, పాత స్విచ్, కేబుళ్లు ఉంటే సరి.

దేవరకొండ_ల్యాబ్:
ఆదివారం చేసిన. పాత పదహారు పోర్టుల స్విచ్ అటక మీద ఉండె, దుమ్ము దులిపి పెట్టిన. మొదటి మెషిన్‌కు 480 ఎంబీ పోయింది. రెండోదాంట్ల నొక్కితే నిమిషంల మొత్తం దిగింది, ఫోన్ల డేటా చూస్తే కదలనే లేదు. కండ్లు చెమర్చినయి, నిజంగ.

పదోది మాత్రం మొండికేసింది. 'రిలీజ్ ఫైలు ఇంకా చెల్లుబాటు కాదు' అంటున్నది, అంటే ఆ పట్టీ సంగతే. మిగతావాటికి ఇదే గోదాం, ఇదే కేబుల్. ఎందుకో అర్థం కాలే.

పాలమూరు_టెర్మినల్:
దాని తారీఖు చూడండి.

దేవరకొండ_ల్యాబ్:
2012 జనవరి 1! బోర్డు మీద గడియారం నడిపే సీమోస్ బ్యాటరీ అయిపోయింది. ఇన్నాళ్లు హాట్‌స్పాట్ ఉండబట్టి నెట్‌ల నుంచి టైం సరిచేసుకునేది, ఇప్పుడు దానికి నెట్ లేదు గదా. పట్టీ తారీఖు దానికి భవిష్యత్తుల ఉన్నట్టు కనపడ్డది. గడియారాల షాపుల సీఆర్ 2032 బటన్ సెల్ తెచ్చి వేసిన, తారీఖు పెట్టిన, అప్‌డేట్ ఎక్కింది. పదకొండోదాంట్ల సుత సెల్ మార్చినంకనే మొదలుపెట్టిన. ఇప్పుడు ఎక్కుతున్నది, 63 శాతం. యూపీఎస్ ల్యాంప్ పచ్చగనే ఉన్నది.