2075 బెజవాడని పదిమంది కలిసి ఊహించాలంటే ఎక్కడ మొదలెట్టాలి?

కృష్ణలంక కుర్రాడు:
అందరికీ నమస్తే. మేం తొమ్మిది మందిమి, ఇంజనీరింగ్ అయిపోయినవాళ్లం ముగ్గురం, ఒక నర్సు అక్క, బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో చేసే తమ్ముడొకడు, మిగతావాళ్లు డిగ్రీ పిల్లలు. ప్రతి ఆదివారం సాయంత్రం మా డాబా మీద కూర్చుని 2075లో బెజవాడ ఎలా ఉంటుందో అందరం కలిసి కడదాం అని మొదలెట్టాం. మొదటివారం భలే ఉంది, రెండోవారానికి ఇద్దరే మాట్లాడుతున్నారు, మూడోవారానికి ఆ ఇద్దరూ గొడవపడ్డారు. చార్టు చూస్తే ఎగిరే కార్లు, రోబోలు, అమరావతికి ఐదు నిమిషాల్లో వెళ్లే రైలు, ఇంతే. ఏ ఊరి పేరు పెట్టినా సరిపోతుంది దానికి, బెజవాడే అవ్వక్కర్లేదు.

ఒక్కటి మాత్రం మర్చిపోలేకపోతున్నా. షాపు తమ్ముడు మూడు వారాల్లో ఒకే ఒక్కసారి నోరు విప్పాడు, "అప్పుడు కూడా దసరా సీజన్లో రోజుకి పది గంటలు నిలబడే ఉంటామా అన్నా?" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు, వెంటనే రైలు గురించి మాట్లాడుకున్నాం. ఇలాంటివి నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఆపేయాలని లేదు నాకు.

తెనాలి టీచరమ్మ:
బాబూ, మీ 2075 ఆ తమ్ముడి ప్రశ్నలోనే ఉంది, మీరు దాన్ని దాటి వెళ్లిపోయారు. నేను మా బడి పిల్లలతో నాలుగేళ్లుగా ఇది చేయిస్తున్నా. ఊరు మొత్తం ఒకేసారి కట్టమంటే పిల్లలైనా పెద్దలైనా సినిమాల్లో చూసిందే రాస్తారు, ఎందుకంటే అంత పెద్దది ఊహించడానికి చేతిలో పట్టుకునేది ఏదీ ఉండదు. ఒక్క మార్పు ఇవ్వండి చాలు. చార్టు మధ్యలో అది రాసి గుండ్రం చుట్టండి, దానివల్ల నేరుగా ఏం జరుగుతుందో చుట్టూ రాయండి, మళ్లీ వాటిల్లో ఒక్కోదానివల్ల ఏం జరుగుతుందో బయట వరసలో, అలాగే దాని బయట మూడో వరస. దీన్ని ఫ్యూచర్స్ వీల్ అంటారు, జెరోమ్ గ్లెన్ అనే ఆయన 1971లో తయారుచేశాడు. మొదటి వరస అందరికీ తడుతుంది. మూడో వరసకి వచ్చేసరికి గదిలో నిశ్శబ్దం అయిపోతుంది చూడండి, అసలు పని అక్కడే మొదలవుతుంది.

మధ్యలో "షాపుల్లో ఎవరూ నిలబడక్కర్లేదు" అని రాయండి. ఇది గాల్లో మాట కూడా కాదు, కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే సీటు ఉండాలని చట్టం మార్చారు. ఆ రాష్ట్రాల్లో ఇప్పటికే వచ్చిందాన్ని యాభై ఏళ్లు ముందుకి లాగి చూడండి. కౌంటర్ ఎత్తు మారుతుందా, చీర పరిచి చూపించే పద్ధతి మారుతుందా, బేరం ఎలా ఆడతారు, ఆ తమ్ముడు ఇంటికెళ్లాక కాళ్లు నొప్పి లేకపోతే సాయంత్రం ఏం చేస్తాడు. ఈ చివరిది తప్పకుండా అడగండి, అతన్నే అడగండి.

సింగ్ నగర్ అక్క:
టీచర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేనింకోటి చెప్తాను. మా ఆఫీసు ఫ్రెండ్స్ గ్రూపులో ఇలాంటి ఆటే ఆడుతుంటే ఒకబ్బాయి "2060లో బ్యారేజీ తెగి ఊరు మునిగింది" అని ఒక్క లైన్లో రాసి తర్వాత పాయింటుకి వెళ్లిపోయాడు. నేను లేచి ఆగమన్నా. 2024 సెప్టెంబర్లో మా గ్రౌండ్ ఫ్లోర్లో నీళ్లు నా గుండెల దాకా వచ్చాయి, మా అత్తగారిని పక్కింటి కుర్రాళ్లు కుర్చీతో సహా పైకెత్తుకుని మేడ మీదకి తీసుకెళ్లారు, ఇప్పటికీ మా హాలు గోడ మీద ఆ గీత కనపడుతూనే ఉంది. మునగడం అంటే ఒక్క లైను కాదు. గ్యాస్ బండ ఎక్కడుంటుంది, మందులు ఎక్కడుంటాయి, పాలు ఎవరు తెస్తారు, ఇవన్నీ రాయాలి.

ఇంకో సంగతి, అప్పుడు అందరి కళ్లూ కృష్ణ మీదే ఉన్నాయి, ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది, 1957లో కట్టిన దగ్గర్నుంచీ అంత ఎప్పుడూ రాలేదు, అయినా బ్యారేజీ నిలబడింది. మా ఇల్లు ముంచింది గట్టు తెగిన బుడమేరు వాగు. మామూలు రోజుల్లో మురిక్కాలవ అనుకుని ముక్కు మూసుకుని దాటేవాళ్లం. కాబట్టి మీ 2075లో కష్టం పెట్టాలనుకుంటే పెద్దదాంట్లోంచే తీసుకురాకండి, ఎవరూ చూడనిది ఏముందో వెతకండి.

గుంటూరు యార్డు:
గొడవల గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. మాది మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం, ఓ పదిమందిమి రైతులు, హమాలీలు, కోల్డ్ స్టోరేజీ వాళ్లం కలిసి ఇరవై ఏళ్ల తర్వాత యార్డు గురించి కూర్చున్నాం. ఎవడి కోరిక వాడు చెప్పడంతో కొట్టుకునేదాకా వచ్చింది, రైతు యార్డే ఉండదంటాడు, హమాలీ మరి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎవరు మోస్తారంటాడు. తర్వాత మా బావమరిది దక్షిణాఫ్రికా సంగతి చెప్పాడు. 1991-92లో మాంట్ ఫ్లూర్ అనే చోట 22 మంది, ఒకళ్లంటే ఒకళ్లకి పడని పార్టీలవాళ్లూ వ్యాపారస్తులూ యూనియన్లవాళ్లూ కలిసి కూర్చుని వాళ్ల దేశం ఎటెళ్లొచ్చో నాలుగు కథలు కట్టారంట. ఏం జరగాలి అని కాదు, ఏం జరగొచ్చు అని మాత్రమే మాట్లాడాలి, అదీ రూలు. మేమూ అదే పెట్టుకున్నాం. అబ్బో, ఎంత తేడానో. హమాలీ పెద్దాయనే మిషన్లు వచ్చిన యార్డు కథ చెప్పాడు, అందరికంటే వివరంగా.

నాలుగు ఎందుకంటే ఒకే భవిష్యత్తు అయితే దానికోసం కొట్టుకుంటారు. హవాయి యూనివర్సిటీలో జిమ్ డేటర్ గారు కూడా నాలుగు రకాలే చెప్పారు: ఇలాగే పెరుగుతూ పోవడం, కుప్పకూలడం, కట్టుబాటు పెట్టుకుని బతకడం, అసలు రూపే మారిపోవడం. మీరు తొమ్మిది మంది కదా, రెండేసి మందికి ఒకటి ఇవ్వండి, ఆ గొడవపడ్డ ఇద్దరికీ వాళ్లకి నచ్చనిది ఇవ్వండి. మిగిలినతను ఒక్కో జట్టు దగ్గరికెళ్లి ప్రశ్నలడగాలి. అది షాపు తమ్ముడికే ఇవ్వు.

కృష్ణలంక కుర్రాడు:
అందరికీ పేరుపేరునా థాంక్స్. నిన్న చేశాం. మొదట ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా రాయాలని పెట్టాం, దాంతోనే సగం మారిపోయింది. మధ్యలో నిలబడక్కర్లేదు అనే రాశాం. రెండో వరసలో నర్సు అక్క, మోకాళ్లకీ కాళ్లలో నరాలు ఉబ్బినందుకూ వచ్చే ఆడవాళ్లలో ఎంతమంది షాపుల్లో చేసేవాళ్లో చెప్పింది, మేమంతా అలా వింటూ ఉండిపోయాం. సింగ్ నగర్ అక్క చెప్పింది చదివి ఒకమ్మాయి కట్టుబాటు కథలో కింద అంతస్తులన్నీ నీళ్లకే వదిలేసి స్తంభాల మీద ఊరు కట్టింది. అప్పుడు షాపు తమ్ముడు లేచి, "మరి షాపులన్నీ పైకెళ్తే రోడ్డు మీద నడిచిపోయేవాడు అద్దంలో చీర చూసి ఆగేది ఎట్టా? పైకి రప్పించాలంటే మమ్మల్ని మళ్లీ మెట్ల దగ్గర నిలబెట్టి పిలిపిస్తారు" అన్నాడు.

ఎవరి దగ్గరా జవాబు లేదు. రాత్రి పదకొండు దాకా దానిమీదే ఉన్నాం. వచ్చే ఆదివారం ముందుగా వాడి షాపుకే వెళ్లి, మెట్లు, గుమ్మం, కౌంటరు టేపుతో కొలిచి తెచ్చుకుంటున్నాం.