ఆటిజం ఉన్న పిల్లలకు బంతి పట్టడం: వీఆర్ హెడ్‌సెట్టా, కెమెరా ఆటలా?

నీలిబంతి: బాబుకి ఏడేళ్లు, ఆటిజం. బంతి ఒంటికి తగిలి కింద పడ్డాక గానీ చేతులు కదలవు. వీఆర్‌తో (కళ్లకు తగిలించుకునే తెరలో ఆడే ఆటలతో) మెరుగవుతుందా? ఏది కొనాలి?

ఓటీ_గది: ఏడేళ్లకి హెడ్‌సెట్ వద్దండి. మెటా కంపెనీ వీఆర్ హెడ్‌సెట్ క్వెస్ట్‌కి కనీస వయసు 10, అదీ 2023లో తగ్గించాకే. క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు, ఎక్కువ భాగం ముఖం ముందే వేలాడుతుంది. నిలకడ తక్కువున్న పిల్లలు ఆ బరువుకే తూలతారు. క్వెస్ట్ 2లో అయితే కటకాల మధ్య దూరం 58 మి.మీ. కంటే తగ్గదు. చిన్నపిల్లల కళ్లు అంతకన్నా దగ్గరగా ఉంటాయి కాబట్టి బొమ్మ మసకగా కనిపించొచ్చు. మూర్ఛ ఉంటే ఏ తెర ఆటైనా డాక్టర్ని అడిగాకే.

సెన్సర్_తంటా: ఒంటి కదలికల్ని కెమెరా చూసి ఆడించే ఆటలే నయం. కైనెక్ట్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల కదలికల సెన్సర్ కెమెరా) రెండో రకం 25 కీళ్లను గుర్తిస్తుంది. ఇప్పుడు తయారీ లేదు, పాతవే దొరుకుతాయి. కంప్యూటర్‌కి కలిపే అడాప్టర్, యూఎస్‌బీ 3 పోర్టు ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. పిల్లాడు సుమారు 2 మీటర్ల దూరంలో నిలబడాలి. కిటికీ ఎండ పడినా, నల్లటి బట్టలేసినా సెన్సర్ తడబడుతుంది. టీవీలో గేమ్ మోడ్ పెట్టండి, లేకపోతే చేయి కదిపాక కాసేపటికి బొమ్మ కదులుతుంది.

అసలు తంటా ఇంకోటుంది. వెనక నిలబడి పిల్లాడి చేతులు పట్టి ఆడిస్తే సెన్సర్ ఇద్దరినీ కలిపేస్తుంది. తెర మీద చేయి ఎగిరి ఎక్కడికో పోతుంది, పిల్లాడు తనదే తప్పనుకుని మానేస్తాడు. పక్కకి జరిగి, కెమెరాకి అందకుండా మాటతో చెప్పండి.

నీలిబంతి: స్కోరు పెరుగుతుంటే నేర్చుకున్నట్టేనా?

ఓటీ_గది: కాదు. ఈ ఆటల్లో చాలావాటికి బంతిని తాకితే చాలు, వేళ్లు మూయక్కర్లేదు. బరువూ తెలియదు. దాంతో పట్టడం బదులు చరచడం అలవాటవుతుంది. ఇది నేర్పాక మాన్పించడం మహా కష్టం. అందుకే తెర ముందు 5 నిమిషాలు, వెంటనే అసలు వస్తువుతో 5 నిమిషాలు. మొదట బెలూన్ (పేలే చప్పుడుకి భయపడితే పల్చటి స్కార్ఫ్), తర్వాత గాలి నింపిన పెద్ద బంతి, చివర్లో టెన్నిస్ బంతి. పదిలో 8 అందుకున్నాకే కష్టం పెంచండి. అదీ వేగమో, బంతి సైజో, ఏదో ఒక్కటే. రెండూ కలిపి మారిస్తే ఎక్కడ తేడా వచ్చిందో తెలియదు. నేపథ్య సంగీతం, చప్పట్ల శబ్దం మొదటి రోజు నుంచే ఆపేయండి.

లెక్క రాయాల్సింది స్కోరు కాదు. వారానికోసారి ఒకే బంతి, ఒకే దూరం, 10 విసుర్లు. ఎన్ని పట్టాడు, అందులో ఛాతీకి అదుముకున్నవి ఎన్ని, వేళ్లతో పట్టినవి ఎన్ని? చివరి అంకె కదలకపోతే తెర సమయం తగ్గించి బంతి సమయం పెంచండి.