నల్లేరు పచ్చడితో గొంతు దురద: పొరపాటు ఎక్కడ జరిగింది?

ప్రశ్న (మెహదీపట్నం):
మా ఇంట్లో రాత్రి భోజనం చాలా రోజులు జొన్నరొట్టె, పప్పు, ఏదో ఒక ఆకుకూరతోనే ముగుస్తుంది. మొన్న రైతుబజారులో నల్లేరు కాడలు కనిపించగానే, చిన్నతనంలో అమ్మమ్మ చేసిన పచ్చడి గుర్తుకు వచ్చి రెండు గుప్పెళ్లు తెచ్చాను. ముక్కలు వేయించి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి చేర్చి నూరాను. రుచి బాగానే ఉంది గాని, రెండో ముద్దకే నాలుక జివ్వుమని గొంతు దురద పెట్టింది. మా అబ్బాయి కంచం పక్కకు నెట్టేశాడు. దయచేసి సరైన పద్ధతి చెప్పగలరు.

సమాధానం (ఉప్పల్):
చేమదుంపలలో ఉన్నట్టే నల్లేరులోనూ సూదుల వంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయండి, దురదకు కారణం అవే. చేతులకు నూనె రాసుకుని, కణుపులు కోసేసి, పలకల అంచుల వెంబడి ఉన్న నారను చిక్కుడుకాయకు తీసినట్టు తీయండి. తర్వాత నువ్వుల నూనెలో సన్నని సెగ మీద, పచ్చదనం పూర్తిగా పోయి ముక్క ముడుచుకునే వరకు వేయించాలి. మీరు చింతపండు ప్రస్తావించలేదు, అది తప్పనిసరి.

సమాధానం (అల్వాల్):
పులుపు విషయం నిజం. మేము వేయించిన నువ్వులు కూడా కలుపుతాము. ముదురు కాడలు అసలు కొనవద్దు, గోటితో గిల్లితే టక్కున తెగాలి.

ప్రశ్న అడిగినవారు:
నేను కణుపులు తీయలేదు, చింతపండూ వేయలేదు. మిగిలిన కాడలతో ఈ రాత్రే మళ్లీ చేస్తాను. పిల్లవాడికి మాత్రం నేను తిని చూశాకే పెడతాను.